చందమామ జవాబు దగ్గర ఒక ప్రశ్నార్థకం

మొన్న మా ఆవిడ శ్యామల పుట్టినరోజుకి నోయిడాలోని ఒక బేకరీకి ఆన్‌లైన్‌లో కేకు ఆర్డరిచ్చాను. కేకు మీద ఏం రాయాలో చెప్పమని ఒక గడి ఉంటే, సరదాగా ఆమె పేరు తెలుగులో టైపు చేశాను. సాయంత్రం పెట్టె మూత తీయగానే వెనిలా వాసన గదంతా నిండింది. కేకు మీద గులాబీరంగు క్రీముతో, ఎంతో ఓపిగ్గా, ఒక్కొక్కదానికీ వంపు తిప్పి చుక్క పెట్టి మరీ, వరుసగా ప్రశ్నార్థకాలు వేసి పంపారు. మా ఆవిడ దాన్ని చూసి, "ఇన్నేళ్ల కాపురం తర్వాత నేనెవరో అనుమానం వచ్చిందా మీకు?" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నా నోటి నుంచి వచ్చిన మాట మాత్రం వేరు. "యాడిదాకా బాగుంది?" అన్నాను. ఎక్కడి వరకూ బాగుంది అని. మాది కోస్తా. ఆ మాట మా ఇంటిది కాదు. ఆదోని నుంచి వచ్చిన వసుంధర గారిది.

ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికల్లో పనిచేసి, చివర్లో నోయిడాలో ఒక తెలుగు వార్తల వెబ్‌సైటులో చేరాను. పాఠకుల పేజీ చూడ్డం నా పని. అక్కడ సాంకేతిక విభాగానికి వసుంధర గారు పెద్ద. నాకంటే వయసులో చిన్నవారే, హోదాలో పైవారు. పొట్టిగా ఉండేవారు, కళ్లజోడు ఎప్పుడూ తల మీదే ఉండేది, టిఫిన్ డబ్బాలో వేరుశనగ పొడి లేనిరోజు ఉండేది కాదు. ఆమెకి ఒక పద్ధతి ఉండేది. కంప్యూటర్ మొరాయించిందని పిలిస్తే మిగతా సాంకేతిక నిపుణుల్లాగా మన కుర్చీ లాక్కుని, మౌస్ అందుకుని, టకటకా ఏదో కొట్టి, "అయిపోయింది" అని వెళ్లిపోయేవారు కాదు. పక్కన నిలబడి, "మౌస్ మీ చేతిలోనే ఉండనీండి సార్. ఇందాక ఎట్ల చేసినారో అట్లే మళ్లీ చేయండి, నేను చూస్తా" అనేవారు. మనం చేస్తుంటే మధ్యమధ్యలో అడిగే ప్రశ్న ఒక్కటే. యాడిదాకా బాగుంది? ఏం పాడైందని అడగరు, ఎవరు పాడుచేశారని అసలే అడగరు. బాగున్న చివరి చోటు ఎక్కడో కనుక్కుంటే, పాడైన మొదటి చోటు దాని పక్కనే ఉంటుందని ఆమె లెక్క.

నేను చేరిన కొత్తలోనే పాఠకుల నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఉత్తరం రాసి పంపితే, "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి" అని మా ఫారం తిప్పికొడుతోందట. నేను వెంటనే నా పేరు టైపు చేసి పంపాను. సాఫీగా వెళ్లింది. ఇంకోసారి పంపాను. మళ్లీ వెళ్లింది. "మన దగ్గరేమీ లోపం లేదండీ, వాళ్లే ఏదో తప్పు కొడుతున్నారు" అని వసుంధర గారికి చెప్పాను. ఆమె నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"నా పేరు కొట్టి చూడండి సార్."

వసుంధర అని కొట్టాను. ఫారం ఒప్పుకోలేదు. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలంది. మళ్లీ నా పేరు, రమణ అని కొట్టాను. వెళ్లింది. ఆమె కిసుక్కున నవ్వారు.

"మీ పేర్లో ఒక్క గుణింతం లేదు, వత్తు లేదు, సున్న లేదు. ర, మ, ణ. ఈ ఫారం రాసిన పిల్లోనికి తెలుగు రాదు. కొమ్ములు, దీర్ఘాలు కూడా అక్షరాల్లో భాగమే అని వానికెవరూ చెప్పల్యా. మీ పేరు పెట్టుకుని పరీక్ష చేస్తే ఈ ఫారం జన్మలో పాసయితానే ఉంటుంది."

ఫారం ఆ రోజే బాగుచేయించారు గానీ, ఆ మాట చాలా రోజులు నాతో ఉండిపోయింది. విలేకరిగా ఎన్ని ఊళ్లు తిరిగాను, ఎన్ని కార్యాలయాల్లో "ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు" అని రాసుకున్నాను! ఆ చెప్పినవాళ్లందరి పేర్లకీ గుణింతాలు ఉండి ఉండవు.

ఆమె నేర్పిన రెండో సంగతి వైశాలిలో ఉండే సుబ్బారావు గారి ద్వారా అర్థమైంది. పాఠకుల పేజీకి రచన పంపేవాళ్లు ఫైలు జతచేయడానికి మా ఫారంలో ఒక గడి ఉంది. దాని గుండా ఆయన పేరుతో వరసగా ఫైళ్లు వస్తుండేవి. తెరిచి చూస్తే తెలుగన్నది కనిపించదు. డాలర్ గుర్తులు, కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఎక్కడో ఒక కుండలీకరణం. ఎవరో ఆకతాయిగా పంపుతున్నారని డెస్క్ వాళ్లు తీసేస్తున్నారు. ఒకరోజు నా భుజం మీదుగా చూసి వసుంధర గారు ఆపారు.

"తీసేయొద్దు సార్. ఇవి ప్రశ్నార్థకాలు కాదు కదా."

"తేడా ఏముందండీ? రెండూ అర్థం కానివే."

"చానా ఉంది. ప్రశ్నార్థకం వచ్చినాదంటే అక్షరం పోయినట్లు. దాని చోట్లో గుర్తు పెట్టి చేతులెత్తేసినారని. పిచ్చిరాత వచ్చినాదంటే అక్షరం లోపల భద్రంగా ఉంది, చదివేదానికి మనకే చేతకావడం లేదని."

ఫారంలో ఫోన్ నంబరు ఉంది. నేనే చేశాను. అవతల పెద్దాయన గొంతు. నేనెవరో చెప్పగానే, "నాటికలు అందాయా అండీ?" అని ఆత్రంగా అడిగారు. అందాయి గానీ చదవడానికి రావడం లేదన్నాను.

"అదేంటండీ! నా తెర మీద ముత్యాల్లా ఉన్నాయి కదా."

తర్వాత ఆయన సంగతంతా చెప్పుకొచ్చారు. ఆయనా, ఆయన భార్య సుభద్ర గారూ ఢిల్లీలో చాలాకాలం తెలుగు డీటీపీ చేశారు. పెళ్లి కార్డులు, సంఘాల సంచికలు. అక్కడి తెలుగు పిల్లల చేత ఆడించడానికి ఆవిడ చిన్న చిన్న నాటికలు రాసేవారు. ఆవిడ పోయారు. ఆ నాటికలన్నీ ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. అది మాటిమాటికీ ఆగిపోతోంది. వేరే ఏ కంప్యూటర్‌లో తెరిచినా మాకొచ్చిన గీతలే వస్తున్నాయి. "ఆ ఒక్క డబ్బాలోనే మా ఆవిడ తెలుగులో ఉందండీ. అది కాస్తా ఆగిపోతే..." అన్నారు.

ఏ ఫాంటు వాడారని అడిగితే, "తెలుగు ఫాంటేనండీ" అన్నారు. ఫోన్లో అంతకంటే తేలలేదు. "పోయి చూస్తాం" అన్నారు వసుంధర గారు. ఆఫీసు పని కాదు కదా అన్నాను. "మన ఫారంలో నుంచే కదా వచ్చినాయి" అన్నారు. ఆ శనివారం యమునా బ్యాంక్‌లో మెట్రో మారి వైశాలి వెళ్లాం. దారిలో ఆమె ఏ ఫాంటై ఉంటుందోనని ఊహిస్తూ కూర్చున్నారు. చిక్కుముడి పెద్దదైన కొద్దీ ఆమె ముఖంలో ఉత్సాహం పెరిగేది.

తలుపు తీసింది ఆయన కూతురు లావణ్య. గుర్‌గావ్‌లో ఉద్యోగం, ఢిల్లీలోనే పుట్టి పెరిగిన అమ్మాయి. మనం తెలుగులో అడిగితే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. "పాపా, మైనే కహా థా నా, ఫైల్స్ కరప్ట్ హో గయీ హైఁ. అంకుల్, ఆంటీ, ఆప్ లోగ్ ఖామఖా ఇత్నీ దూర్ ఆయే" అంది, ఫైళ్లు పాడైపోయాయని ముందే చెప్పానని, మేం అనవసరంగా ఇంత దూరం వచ్చామని నొచ్చుకుంటూ. సుబ్బారావు గారు, "కరప్టూ లేదు, గిరప్టూ లేదు. రండి" అంటూ మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లారు. ఉబ్బెత్తు తెర ఉన్న కంప్యూటర్. దాని మీద నిజంగానే ముత్యాల్లాంటి తెలుగు.

వసుంధర గారు అలవాటు ప్రకారం మౌస్ ఆయన చేతిలోనే ఉంచారు. చూడగానే సంగతి నాకూ తెలిసింది, పత్రికల్లో ఆ రోజులు దాటి వచ్చినవాణ్ణి కనుక. అప్పట్లో కంప్యూటర్‌కి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు వేషం కట్టేవారు. ఒక్కో ప్రెస్సుకి ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు ఉన్నంతవరకూ తెర మీద తెలుగు. అది లేని చోటికి వెళితే వేషం ఊడిపోయి లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. సుబ్బారావు గారి ఫాంటు ఆ ఒక్క కంప్యూటర్‌లోనే మిగిలింది.

ఏ గుర్తుకి ఏ అక్షరమో ఆయన చెబుతుంటే వసుంధర గారు పట్టిక రాసుకున్నారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు. దాన్ని బట్టి మార్చడానికి తన ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ తయారుచేశారు. మొదటి నాటిక మార్చగానే తెలుగు వచ్చింది. అందరం ముందుకు వంగాం. పై వరసలో రచయిత్రి పేరు, "సుభ్రద" అని ఉంది. నాటికలో ఒక పాత్ర చేతిలో పత్రిక ఉండాలి, "ప్రతిక" ఉంది. చక్రం కాస్తా "చ్రకం" అయింది. నేను పడీపడీ నవ్వాను. పత్రికలో పనిచేసినవాడికి "ప్రతిక" చూస్తే నవ్వు ఆగుతుందా?

సుబ్బారావు గారు మాత్రం నవ్వలేదు. "ఆవిడ ఒక్క అక్షరం తప్పు కొట్టేది కాదండీ" అన్నారు చిన్నబుచ్చుకుని.

"తప్పు ఆమెది కాదు సార్, నాది" అన్నారు వసుంధర గారు. "తప్పులన్నీ ఒకే తీరుగా ఉండాయి చూడండి. ఒకే తీరుగా ఉంటే అది తప్పు కాదు, అలవాటు. ఒకసారి ఆమె పేరే కొట్టండి. సుభద్ర. మెల్లగా."

ఆయన కొట్టారు. సు, భ. తర్వాత ద కొట్టే ముందు ఆయన వేలు ఇంకెక్కడికో వెళ్లింది.

"ఆగండి! ఇప్పుడు కొట్టినారే, అదేంది?"

"క్రావడి అండీ, ర వత్తు. దాన్ని ముందు కొట్టాలి. అక్షరానికి ఎడంపక్క నుంచి కదా వచ్చేది. ముందు క్రావడి, తర్వాత ద. లేకపోతే సరిగ్గా కూర్చోదు."

అదీ సంగతి. చేత్తో రాసేటప్పుడు అక్షరం ముందు, క్రావడి తర్వాత. ఆ ఫాంటులో క్రావడి ముందు. మార్చినప్పుడు అది అంతకుముందున్న అక్షరాన్ని పట్టుకుంది. వసుంధర గారు ఇంకో వరస చేర్చారు. సుభద్ర గారి పేరు తిరిగి వచ్చింది. సుబ్బారావు గారు ల్యాప్‌టాప్ ఒళ్లోకి తీసుకుని, ఆ పేరు మీద వేలితో ఒకసారి రాసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయారు.

అప్పుడు లావణ్య తన ల్యాప్‌టాప్ తెచ్చింది. అమ్మ చివరిగా టైపు చేసిన నాటిక ఇందులో ఉందంది. లావణ్య చిన్నప్పుడు ఆడిందే. ఆ కాగితాలు పోతే సుభద్ర గారు గుర్తు తెచ్చుకుని, ఈసారి కొత్త పద్ధతిలో, ఫోన్లలో రాసే తెలుగులో మళ్లీ కొట్టారట. తెరిచింది. పై నుంచి కింది దాకా ప్రశ్నార్థకాలు. పేరాలు పేరాలుగా.

వసుంధర గారు లావణ్య వైపు తిరిగారు. "యాడిదాకా బాగుండె, తల్లీ?"

"మమ్మీ టైప్ కర్ రహీ థీఁ, తబ్ తక్ సబ్ ఠీక్ థా. సేవ్ మైనే కియా. కుఛ్ పూఛా థా, అంగ్రేజీ మే, లంబా సా... మైనే ఓకే దబా దియా." అమ్మ కొడుతున్నంతవరకూ బాగానే ఉందట, సేవ్ చేసింది తనట, ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా అడిగితే ఓకే నొక్కేసిందట. "ఆంటీ, ఇస్‌కా భీ టేబుల్ బనేగా నా?"

బనదు. దీనికి పట్టిక కుదరదు. అక్షరాలు పోతాయి, పరవాలేదా అని కంప్యూటర్ అడిగింది, పరవాలేదని తను ఓకే నొక్కింది, పోయాయి. ఆ మాట ఆమె ఎలా చెబుతారా అని నేను చూస్తున్నాను. వసుంధర గారు తన ల్యాప్‌టాప్‌లో కొత్త పేజీ తెరిచారు.

"పట్టికతో రాదు. ఇప్పుడు రాసినవాళ్లనే అడగల్ల. ఆమె లేదు. ఆడినదానివి నువ్వుండావు. చెప్పు."

"మై? తెలుగు మే?"

"నువ్వే. నేను టైపు చేస్తా."

లావణ్య నవ్వబోయి మానేసింది. కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత నిలబడింది. చిన్నపిల్లలు వేదిక మీద నిలబడినట్టు, చేతులు పక్కలకి చాచి. "ఒరే తమ్ముడూ, పొగమంచులో చందమామ తప్పిపోయాడురా! పద, వెతుకుదాం!" అంది. స్పష్టమైన గోదావరి యాసలో. అది వాళ్లమ్మ యాస. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. సుబ్బారావు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఢిల్లీ పొగమంచులో దారితప్పిన చందమామని ఇద్దరు పిల్లలు వెతికే కథ అది. అక్క వేషం లావణ్యది. తన మాటలన్నీ గుర్తున్నాయి, తమ్ముడి మాటలు అందించీ అందించీ అవీ వచ్చేశాయి. చివరికి చందమామ దొరుకుతాడు. అక్క అడుగుతుంది, "చందమామా చందమామా, మా ఢిల్లీ వచ్చి ఎందుకిలా మసకబారావు?"

అక్కడ ఆగిపోయింది. "చందమామ క్యా బోల్తా హై... పాపా?"

చందమామ ఏమంటాడో ఆయనకీ గుర్తులేదు. చందమామ వేషం వేసింది పక్కవీధి కుర్రాడు. వాళ్లెప్పుడో ఇల్లు మారిపోయారు. ఏదో ఒక మంచి మాట మనమే రాసేద్దామా అన్నాను నేను. అలాంటి ఖాళీలు పూరించడం డెస్క్ మీద నాకు వెన్నతో పెట్టిన విద్య. వసుంధర గారు ఒప్పుకోలేదు. చందమామ పేరు కొట్టి, ఎదురుగా ఒకే ఒక్క ప్రశ్నార్థకం పెట్టారు.

"ఇది మిషన్ పెట్టింది కాదు సార్, మనం పెట్టింది. మనకు తెలియదని మనమే చెప్పుకున్నది. పూడ్చినామంటే, ఇంక ఎవురూ అడగరు."

నాటికలు మా పేజీలో వచ్చాయి. ఆఖరిది ఆ ప్రశ్నార్థకంతోనే వచ్చింది. చందమామ వేషం వేసిన అబ్బాయి ఎక్కడున్నా ఆ మాట రాసి పంపమని దాని కింద రెండు వాక్యాలు, ఒక గడి పెట్టాం. సుబ్బారావు గారు నాటికలన్నీ అచ్చు తీయించి, చందమామ జవాబు దగ్గర పెన్నుతో ఖాళీ గీత గీసుకున్నారు. ఆ తర్వాత నేను ఉద్యోగం మానేశాను. వసుంధర గారు చనిపోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు నుంచి నేను రాసే దేనిలోనైనా తెలియని చోట తెలియదనే రాస్తున్నాను. నా రాతలు వేసుకునే డెస్క్ కుర్రవాళ్లకి అది చాదస్తంగా ఉంటుంది.

కేకు కోసే ముందు బేకరీకి ఫోన్ చేశాను. "సర్, ఆప్‌నే తో వహీ లిఖా థా, క్వశ్చన్ మార్క్" అంది ఫోనెత్తిన అమ్మాయి అమాయకంగా. నేను రాసింది అదేనట, తన తెర మీద అవే ఉన్నాయట. అంటే నా ఫోన్ దాకా బాగుంది. దాని పక్కనే పాడైంది. అంత క్రీముతో అన్ని ప్రశ్నలు వేసేముందు ఒక్క ప్రశ్న నన్ను అడిగి ఉండవచ్చు కదా అన్నాను. ఆ అమ్మాయి నవ్వేసి, ఈసారి అడుగుతామంది.

రాత్రి పడుకోబోయే ముందు మా పాత పేజీ తెరిచాను. చందమామ ఎదురుగా ఆ ప్రశ్నార్థకం ఇంకా అలాగే ఉంది. ఇప్పటివరకూ ఎవరూ రాయలేదు. కింద గడి తెరిచే ఉంది. ఎప్పుడైనా ఆ అబ్బాయి వచ్చి రాస్తే తిప్పికొట్టకూడదు కదా, అందుకని అప్పుడప్పుడూ పరీక్షించి చూస్తుంటాను. నా పేరుతో చూస్తే ఏ ఫారమైనా బాగానే ఉంటుంది. పేరు అడిగిన చోట వసుంధర అని కొట్టాను. వెళ్లింది.