ఏడింటికి పోటు

2004 వేసవి. ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు, మైత్రీవనం వెనక వీధిలో మా చిన్న ట్రావెల్స్ ఆఫీసులో, ఒక ఐటినరరీని, అంటే ఏ గంటకు ఎక్కడ ఉండాలో రాసిన కాగితాన్ని, ఫైల్లో పెడుతూ చివరి వరుస చదివాను. "సాయంత్రం 7: దీవి నుంచి బోటు." నా చేయి ఆగిపోయింది. మాది సముద్రం పక్క ఊరు. పౌర్ణమి ముందు రోజు, నీళ్లు పొంగుతూ చీకటి పడే వేళకు ఇసుక దీవి దగ్గరికి పడవ తెచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. ఆ రోజు పన్నెండు మంది, అందులో ఇద్దరు పిల్లలు, కోస్తాలో ఒక చిన్న దీవి మీద ఉన్నారు. వేసవిలో అక్కడ టెర్న్ పక్షులు గుడ్లు పెడతాయి. సన్నని రెక్కల ఈ తెల్లటి పక్షులు గూడు కట్టవు, మిట్ట మీద ఇసుకలో గుంట చేసి పెడతాయి. గుడ్డు పక్కన నిలబడినా కనబడదు. అందుకే తొక్కేస్తారేమోనని, మిట్ట ఎక్కొద్దనీ, పల్లంలోనే కూర్చుని చూడమనీ కాగితంలో రాశాను. నీళ్లు పెరిగితే ముందు మునిగేది ఆ పల్లమే. దీవి మీద సెల్‌ఫోన్లు పనిచేయవు.

పడవ నడిపే అప్పలస్వామితో రెండు రోజుల ముందు ఫోన్లో మాట్లాడి చీటీ రాసింది నా పక్క సీటు ఇమ్రాన్. పుట్టి పెరిగింది పంజగుట్టలో.

"ఇమ్రాన్, ఆయన సరిగ్గా ఏమన్నారు?"

"ఏడింటికి బోటు అన్నడక్కా. జర గొంతు బొంగురు గని మంచిగనే ఇనవడ్డది."

"బోటు అన్నారా, పోటు అన్నారా?"

"పోటంటే ఏంది, కడుపుల నొప్పా?"

"సముద్రం పొంగడం."

అతను ఫోన్ నా వైపు జరిపాడు.

రేవు దగ్గర ఎస్టీడీ బూత్‌కు చేశాను. అప్పలస్వామి అక్కడే ఉన్నాడు.

"దిగేటప్పుడు ఏడింటికి పోటని ఆళ్లే అన్నారమ్మా. తెలిసినోళ్లే గదా, ఎప్పుడెళ్లాలో మీరు సెప్తారని కూకున్నాను."

మా కాగితం చూసి వాళ్లు చెప్పింది బోటు. ఆయన విన్నది పోటు.

"బాబాయ్, ఇప్పుడే వెళ్లు."

ఆరింటికి ఆ బృందం పెద్ద ఫోన్ చేశారు. "మేడమ్, అందరం ఒడ్డుకొచ్చాం. పడవ వచ్చేసరికి మోకాళ్ల దాకా నీళ్లు. మిట్ట ఎక్కొద్దని మీరు రాశారు కదా, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని అక్కడే నిలబడ్డాం."

సంగతి తెలిసి మేనేజర్ వచ్చి ఇమ్రాన్‌ను అందరి ముందూ తిట్టారు. ఆ చీటీని ఆలోచించకుండా టైప్ చేసింది నేను. పోటంటే తెలిసినదాన్ని ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే. అయినా నోరు విప్పలేదు.

ఆ తర్వాత ఫోన్లో విన్న ఏ మాటనైనా చెప్పినవాళ్లకే తిరిగి చదివి, అంటే ఏమిటని అడిగాకే కాగితం మీద పెట్టాను. నీళ్లు పెరిగితే గుడ్లు తొక్కకుండా చూసుకుంటూ మిట్ట ఎక్కండి అని కూడా చేర్చాను.

ఆ మర్నాడు, శనివారం పొద్దున మా ఆడపిల్లలిద్దరికీ జడలు వేస్తుంటే పెద్దది అడిగింది, "రాత్రంతా మమ్మల్ని పట్టుకునే పడుకున్నావేంటమ్మా?"

ఇద్దరికీ చెప్పాను. "నేను చూసుకోకుండా చేసిన పనికి నిన్న ఇద్దరు పిల్లలు నీళ్లలో చిక్కుకున్నారు. బాగానే ఉన్నారు. తిట్లు మాత్రం ఇమ్రాన్ మామయ్య తిన్నాడు. ఇవాళ వెళ్లి, తప్పు నాదని చెబుతాను."