మూలన మిగిలిన మూడు గళ్లు

ఆ రోజుల్లో తెలియనివాడంటూ ఎవడూ ఉండేవాడు కాదు. ఆ రోజులంటే తాతల నాటివి అనుకోకండి, మొన్నమొన్నటి లాక్‌డౌన్ రోజులే. తలుచుకుంటే మాత్రం అంత దూరంగానే కనిపిస్తాయి. వైరస్ ఏ ఎండకు చస్తుందో, ఏ వాసనకు పారిపోతుందో, పళ్లెం ఏ చప్పుడుతో మోగిస్తే హడలిపోతుందో సూరత్‌లో మా నవాగామ్ గల్లీలో ప్రతి గడపకూ తెలుసు. తెలియదని ఒప్పుకున్నవాళ్లు ఒక్క డాక్టర్లే. అందుకే వాళ్ల మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు. అంతటి విజ్ఞాన యుగంలో, మూడు గళ్లలో ఒక పండు పేరు ఏమి రాయాలో తెలియక ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

సూరత్‌లో తెలుగు పత్రిక ఏమిటని అడగకండి. మగ్గాల పనికి జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు, ఆ తర్వాత వచ్చిన డాక్టర్లున్నారు, కంప్యూటర్ల వాళ్లున్నారు. వీళ్లందరికీ పచ్చళ్లు అమ్ముతూ బాగుపడ్డ ఒక గోదావరి జిల్లా పెద్దమనిషి, పచ్చళ్ల ప్రకటనలు వేసుకోవడానికి ఒక వారపత్రిక పెట్టాడు. ఆయనే యజమాని, ఆయనే సంపాదకుడు. (ప్రూఫులు దిద్దిన కాగితాల మీద నూనె మరకలుండేవి. ఆవకాయ సంచికా, మాగాయ సంచికా అన్నది వాసన చూసి చెప్పేవాళ్లం.) నేను అందులో కొత్తగా చేరిన ట్రైనీని. నాతోపాటు ఇంకొకడు ఉండేవాడు. లాక్‌డౌన్‌లో ప్రెస్సు మూతపడి, పత్రిక ఫోన్లలో పంపే పీడీఎఫ్‌గా మారిపోయాక, ఇద్దరిలో ఒకణ్నే ఉంచుతానని ఎడిటర్ చెప్పేశాడు.

మా పత్రికలో జనం నిజంగా చదివే పేజీ ఒక్కటే, పదాల గళ్ల పేజీ. దాన్ని కట్టేది ఒక రిటైర్డ్ తెలుగు పంతులు. మేమంతా గళ్ల తాత అనేవాళ్లం. ప్రతి వారం ఒక విషయం తీసుకుని దాని చుట్టూనే ఆధారాలన్నీ అల్లేవాడు. సరిగ్గా నింపినవాళ్ల పేర్లు తర్వాతి సంచికలో వేసేవాళ్లం. ఆ పేర్ల కోసం మనుషులు పడే తపన చూస్తే, బహుమతిగా ఇంకేదీ ఇవ్వక్కర్లేదని మా ఎడిటర్ ఎంత లోకజ్ఞానంతో గ్రహించాడో అర్థమయ్యేది. వలస కూలీల కోసం రైళ్లు వేసిన మొదటి రోజుల్లో తాత ఊరెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ బట్టలే విషయంగా కట్టిన గళ్లు పంపాడు, మేం వేసేశాం. జవాబులు పంపడం మరిచిపోయాడు. ఆయన్ని ఊరి బయట బడిలో క్వారంటైన్‌లో పెట్టారని, ఫోన్ ఎప్పుడు చూసినా స్విచాఫ్ అని తెలిసేసరికి మాకు గడువు ముంచుకొచ్చింది.

ఎడిటర్ ఫోన్ చేశాడు. "ఏమయ్యా, జవాబులు నువ్వు నింపు. అవి తప్పుల్లేకుండా వస్తే నువ్వుంటావు. రాకపోతే రెండోవాడుంటాడు."

"మీ దగ్గర నకలేమైనా ఉందా సార్?"

"నా దగ్గరెందుకుంటుంది? మా ఆవిడ పేరు మీద నేనూ ప్రతి వారం నింపి పంపుతున్నా కదా. ఉంటే ఈపాటికి పంపేసేవాణ్ని."

అలా నా సొంత పత్రిక అచ్చేసిన గళ్లను నేనే నింపే మహద్భాగ్యం నాకు దక్కింది. ఇంట్లో నేను, అమ్మ, ఖాతా (మగ్గాల షెడ్డును సూరత్‌లో అలాగే అంటారు) మూతపడి మా దగ్గరే ఉంటున్న మేనమామ. మామ జీవితమంతా మగ్గాల మోత మధ్య అరిచి మాట్లాడినవాడు. ఇప్పుడు మగ్గాలు లేకపోయినా గొంతు తగ్గించలేదు. నేను ఆధారాలు చదవడం, ఆయన మంచం మీది నుంచి తీర్పులు చెప్పడం.

"'ఇటలీ రేవు పట్నం పేరు మోసే లాగు' అంట మామా."

"లాగుకు పట్నం పేరేంది? గిట్లనే గదా నీ సదువు."

ఫోనులో వెతికితే అది జీన్స్. జెనోవా అనే రేవులో నావికులు కట్టిన ముతక గుడ్డ పేరు నుంచి వచ్చిందట. చదువుకునే రోజుల నుంచీ అదే తొడుక్కుని తిరుగుతున్న నాకు ఆ ముక్క అప్పుడు తెలిసింది. డెనిమ్ ఫ్రాన్సులో నీమ్ అనే ఊరి పేరు. కాలికో గుడ్డ పేరు మన కాలికట్టుది. పైజామా అంటే పారశీకంలో కాలి తొడుగు. జరీ అనే మాటలో ఉన్నది బంగారం. మా సూరత్‌లో జరీ చుట్టే ఇళ్ల ముందు నుంచి రోజూ నడిచి వెళ్లేవాణ్ని, బంగారం ఊసు ఎవరూ చెప్పలేదు. ఖాకీ అంటే దుమ్ము రంగు అని చదివి వినిపిస్తే మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"దుమ్మా? మొన్న పాలకని బయటికి పోతే నాకాబందీ పోలీసోళ్లకాడ నా వీపు మీద పడ్డది దుమ్మేనా? గా తాతకు ఏం ఎరుక, ఆయన ఏనాడన్న తిన్నడా?"

అమ్మ వంటింట్లోంచి, "ఆయన ఇంట్ల కూసుంటడు గనుక తినలే" అంది.

అన్నీ నిండాయి. ఒక్క మూల మిగిలింది. మూడు గళ్లు, ఏ పదాన్నీ తాకకుండా దూరంగా, క్వారంటైన్‌లో పెట్టినట్టు. ఆధారం: 'నీలి రంగు తొట్టిలో వేసే పండు.' అంతే. అడ్డం నుంచి సాయం లేదు, నిలువు నుంచి సాయం లేదు. ఇంటర్నెట్‌ను అడిగితే సున్నం అంది, బెల్లం అంది, తవుడు అంది, చివరికి నీలి చొక్కాలు కొంటావా అని అడిగి చాలా రోజులు అవే చూపించింది. పండు ఊసెత్తలేదు. మామను అడిగితే, "మేం తెల్లగుడ్డ నేసి పంపుడే అల్లుడా, రంగు మిల్లోళ్ల ముచ్చట" అన్నాడు. అప్పుడు నాకు సొంతంగా ఒక జ్ఞానోదయం కలిగింది. చిన్నప్పుడు నా తెల్ల చొక్కా మీద నేరేడు పండు మరక పడితే అమ్మ ఎంత ఉతికినా పోలేదు. రంగు నీలం. పోదు. అక్షరాలు మూడు. ఇంతకన్నా శాస్త్రీయమైన రుజువు ఏం కావాలి?

"నేరేడు మామా, అదే అయుంటది" అన్నాను.

"అయుంటదా, అదేనా?"

"అదే."

ఈ 'అదే' అన్న మాట ఎంత ప్రమాదకరమైనదో అప్పటికి నాకు తెలియదు. ఒక్క రోజు ఆగి చూద్దాం, పాఠకులు పంపిన జవాబుల్లో ఏముందో చూసి నిర్ణయిద్దాం అనుకున్నాను. (పత్రికా రచన బడిలో దీన్నే నిర్ధారించుకోవడం అని నేర్పారు.) మర్నాటి నుంచి నా ఫోన్ ఆగకుండా మోగింది. గళ్ల పేజీ ఫొటోలు ఒకటి మీద ఒకటి. నవాగామ్ నుంచి, దిండోలి నుంచి, కడోదరా హైవే మీది మిల్లు క్వార్టర్ల నుంచి. మూలన చూస్తే అన్నిటా నేరేడు, నేరేడు, నేరేడు. నా తెలివికి నాకే ముద్దొచ్చింది. కతర్‌గామ్ నుంచి ఒకావిడ మాత్రం గుండ్రటి దస్తూరీతో ఖర్జూరం అని రాసింది. పాపం అనుకున్నాను. ఎడారి పండును తొట్టిలో వేయడమేమిటని నవ్వుకున్నాను కూడా. జవాబులు పంపాను, విజేతల పేర్లు నిండుగా పడ్డాయి, కతర్‌గామ్ ఆవిడ పేరు లేకుండా పత్రిక అందరి ఫోన్లకూ వెళ్లింది.

ఆ సాయంత్రం అమ్మ గ్లాసులో నల్లటి కషాయం తెచ్చి నా ముందు పెట్టింది. తాగితే నాలుక మొద్దుబారింది.

"ఏందమ్మా ఇది?"

"నేరేడు కషాయం కొడుకా. పాతకాలపు అద్దకపోళ్లు నేరేడు వాడంగనే వాళ్లకు ఊపిరితిత్తులు ఇనుము లెక్క ఉంటుండె అంట. గ్రూపుల వచ్చింది. తోపుడుబండోడు సుత ఇయ్యాల పండ్లు అయిపోయినయ్ అన్నడు."

ఫోన్ తీసుకుని ఆ సందేశాన్ని వెనక్కి వెనక్కి జరుపుకుంటూ వెళ్లాను. అన్నిటికన్నా పైన ఊపిరితిత్తులు, దాని కింద ఒంట్లో బలం, దాని కింద రంగు పోకుండా పట్టి ఉంచే గుణం. అన్నిటికన్నా అడుగున 'నవాగామ్ మన ఊరోళ్లు' అనే గ్రూపులో మామ గొంతు: "గళ్ల జవాబు నేరేడు. ప్రెస్సుల పనిచేసే మా అల్లుడు సొంతంగ చెప్పిండు. అందరు రాసుకోండ్రి, మన పేర్లు రావాలె."

"మామా, గిది నువ్వే పెట్టినవా?"

"మరి? ఇంట్ల ప్రెస్సోడు ఉండంగ మనోళ్ల పేర్లు రాకుంటే ఇజ్జత్ ఉంటదా? నువ్వే గదా అన్నవు, అదే అని."

అంటే నేను నిర్ధారించుకున్నది నన్నే. నా ఊహ మా ఇంటి మంచం మీది నుంచి బయల్దేరి, ఊరంతా తిరిగి, చాలామంది సంతకాలతో నా దగ్గరికే వచ్చి నిజమని చెప్పింది. నేను దానికి లేచి నిలబడి స్వాగతం చెప్పాను.

మర్నాడే గళ్ల తాత ఫోన్ కలిసింది. బడిలో ఎవరిదో చార్జర్ దొరికిందట.

"ఖర్జూరం" అన్నాడు తాత, నేను అడగ్గానే. "కచ్ దిక్కు పాత అద్దకపోళ్లు నీలి తొట్టి పులియాలని ఖర్జూరం వేస్తుండిరి. నువ్వేం వేసినవ్?"

"నేరేడు సార్."

"ఎందుకు?"

"చొక్కాకంటితే పోదు గద సార్."

"నీలి తొట్టి ఎన్నడన్న చూసినవా?"

"లేదు సార్."

"నేరేడు చెట్టన్న చూసినవా?"

"తోపుడుబండి మీద పండ్లు చూసిన సార్."

తాత ఫోన్ పెట్టేశాడు. అది తిట్టు కన్నా ఎక్కువ. నేను ఎడిటర్‌కు ఫోన్ చేసి సవరణ వేయాలని చెప్పాను. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆయన మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు.

"సవరణా? మన పత్రిక పుట్టాక ఇన్ని జవాబులు ఎప్పుడూ రాలేదయ్యా. అందరూ నేరేడే రాశారు. మా ఆవిడ పేరు కూడా పడింది. ఇప్పుడు ఖర్జూరం అంటే అంతమందీ తప్పు, కతర్‌గామ్ ఆవిడొక్కతే రైటు. ఒక్కావిడ కోసం పత్రిక నడపనా?"

"కానీ నిజం అది సార్."

"నిజం వచ్చేవారానికి ఎవరికీ గుర్తుండదు. పేరు పీకేస్తే మాత్రం చచ్చేదాకా గుర్తుంచుకుంటారు. నీకు పాఠకుల నాడి తెలుసయ్యా. నిన్నే ఉంచేస్తున్నా. ఆ రెండోవాడికి నేను చెప్పుకుంటాలే."

అలా నా ఉద్యోగం నిలబడింది. అమ్మ సంతోషంతో ఇంకో గ్లాసు కషాయం పోసింది. నాకది గొంతు దిగలేదు. మేడ మీదికెళ్లి కతర్‌గామ్ ఆవిడకు ఫోన్ చేశాను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారట. కూతురు ఆసుపత్రిలో డాక్టరు, కోవిడ్ డ్యూటీ. అందుకని ఈవిడ ఒక గదిలో, కూతురు ఇంకో గదిలో, మధ్యలో తలుపు. ఏ గ్రూపులోనూ లేరు. ఎప్పుడో గ్రంథాలయంలో చదివిన పుస్తకం గుర్తుండి ఖర్జూరం అని రాశారట.

"మీ పత్రిక చూశానండీ" అన్నారు ఆవిడ. "ఇన్నేళ్లూ తప్పుగా అనుకుంటున్నాను చూడండి. నేరేడని కొత్తగా నేర్చుకున్నాను."

"కాదమ్మా, మీరు రాసిందే సరైనది. మాదే తప్పు."

"ఊరుకోండి బాబూ. పెద్దదాన్నని ఓదారుస్తున్నారు. అంతమందికి తెలిసింది నాకొక్కదానికే తెలియకుండా పోయింది, అంతే కదా."

"గళ్లు కట్టిన పంతులుగారే క్వారంటైన్ నుంచి ఫోన్‌లో చెప్పారమ్మా, ఖర్జూరమని."

"ఆయన క్వారంటైన్‌లో ఉన్నారన్నారు కదా, ఏ పరధ్యానంలో ఉన్నారో. అయినా మీ మాటే నిజమైతే పత్రికలో వేయండి. చూసి నమ్ముతాను."

తర్వాత పెద్ద పత్రికల్లో చేశాను, నేను సరిగ్గా చూడకుండా రాసిన ముక్కల్ని కూడా జనం కళ్లకద్దుకుని నమ్మారు. ఆ సాయంత్రం మాత్రం, అప్పుడే పర్మనెంటయిన ఒక పాత్రికేయుడు నవాగామ్ మేడ మీద చెమటలు కక్కుతూ, ఒక చేత్తో మాస్కు కిందికి లాక్కుని, ఖర్జూరం గురించి ఒకే ఒక్క పాఠకురాలితో "నిజమమ్మా, ఒట్టు" అని బతిమాలుకుంటున్నాడు. వాణ్ని తలుచుకుంటే ఇవాళ్టికీ నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే, ఒక్కరికి నిజం చెప్పాలని అంత తపించినవాడి మీద కొంచెం అసూయ కూడా.