మట్టిలో ఎక్కువైన నీళ్లు

నా చిన్నప్పటి సీతాఫల్‌మండిలో ఇంకా ఖాళీ జాగాలుండేవి. మేముంటున్న అద్దె గది ఖాళీ చేయమన్నారు. వానలు పడేలోగా మా జాగాలో ఒక్క గదైనా లేపాలని నాన్న పట్టుబట్టాడు. ఇటుకలు కొనే స్తోమత లేదు. మట్టిగోడలు కట్టడం తెలిసిన మా మేనత్త ఊరినుంచి వచ్చింది.

రెండు చెక్క పలకల మధ్య జానెడు మందాన మొరం, గులకల ఎర్రమట్టి, పోసి, బరువైన దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టాలి. దానిపైన మళ్లీ మొరం, మళ్లీ దిమ్మిస. నాన్న స్టేషన్‌లో మూటలు మోసి వచ్చి మట్టి తవ్వేవాడు. అమ్మ, అత్త దిమ్మిస కొట్టేవాళ్లు. తొమ్మిదేళ్ల నాకు మట్టి తడిపి కలిపే పని. పిడికిట్లో పిసికితే ఉండ కావాలి, కింద వేస్తే పగలాలి. అంతే తడి ఉండాలని అత్త చూపించింది.

వారం తిరిగేసరికి నా చేతులు పైకి లేవడం లేదు. నీళ్లు ఎక్కువైతే మట్టి సులువుగా కలుస్తుందని, ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా బక్కెటెడు నీళ్లు గుమ్మరించాను. అత్త ఎంత అలసిపోయి ఉందో, పిడికిట్లో పిసికి చూడకుండానే పలకల మధ్య పోసేసింది.

పొద్దున పలకలు తీయగానే ఆ మూల జారి కూలింది. పనికి బయలుదేరుతున్న నాన్న అక్కడే చతికిలబడ్డాడు.

"ఎవరు కలిపిండ్రు ఈ మట్టి?"

నేను అత్త వైపు చూశాను. అత్త ముందుకొచ్చింది.

"నిన్న నేనే కలిపిన అన్నా. జెర నీళ్లు ఎక్కువైనయ్."

చెల్లెల్ని ఎన్నడూ పల్లెత్తు మాట అనని నాన్న ఆ రోజు అన్నాడు. "అంత సోయి లేకుంటే ఎందుకొచ్చినవ్?" అత్త తల వంచుకుని విన్నది.

ఆయన వెళ్లాక ఏడుస్తూ అంతా చెప్పాను. అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పొక్కులెక్కిన నా అరచేతులు చూసింది.

"అలిసినవని నిన్ననే చెప్పకపోతివా బిడ్డా. నాకు సుత పానం అలిసింది, చూడకుండనే పోసిన. అలిసినప్పుడు చెప్పి కూసోవాలె. పని ఖరాబ్ చేసుకుంటే తక్లీఫ్ రెండింతలు."

మబ్బులు కమ్ముతున్నా ఆ పూట మట్టి ముట్టుకోలేదు. నీడలో చాప వేసుకుని ఇద్దరం పడుకున్నాం. మర్నాడు ఆ మూల తవ్వి మళ్లీ కట్టాం. తొలి వాన పడే నాటికి నాలుగు గోడలూ లేచాయి, పైన మాత్రం సగం గదికే రేకులు పడ్డాయి.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఒంట్లో ఓపిక లేనప్పుడు, అలసిపోయానని కోడలితో సిగ్గుపడకుండా చెప్పి కూర్చుంటాను. అది అత్త నేర్పింది. కానీ ఆ మట్టి కలిపింది నేనని, నాన్న పోయేదాకా ఆయనకు చెప్పలేకపోయాను. చెప్పమని అత్తా ఎన్నడూ అడగలేదు. నా బదులు ఆమె పడ్డ ఆ మాట ఇంకా నా మీదే ఉంది.