చేపలావిడ మీద గెలిచిన చీటీ

మా అత్తగారు దాచమని ఇచ్చిన అయిదు కాసుల గొలుసు బ్యాంకు లాకర్లో భద్రంగా ఉందని ఆవిడతో చెప్పాను. మాకు ఏ బ్యాంకులోనూ లాకర్ లేదు. గొలుసు ఉన్నది బంగారం మీద అప్పులిచ్చే కంపెనీలో. ఆ సంగతి మా ఆయనకూ నాకూ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. మే నెల మొదట్లో కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నెలాఖరులోగా వడ్డీతో కలిపి లక్షా అరవై అయిదు వేలు కట్టకపోతే గొలుసును వేలం వేస్తారట.

ఇంత అప్పు ఎలా అయిందంటే, మిగల్చబోయి చేశాననే చెప్పాలి. మా నాన్నకు రామచంద్రపురంలో బట్టల కొట్టు ఉండేది. మా ఇంట్లో మగవాళ్ళందరూ ఏదో ఒక కొట్లో కూర్చునేవారే. చెప్పిన ధరకు వస్తువు కొనడం నా ఉద్దేశంలో బుద్ధితక్కువ పని. రాజమండ్రిలో కాపురం పెట్టాక నేను అడుగు పెట్టిన షోరూమ్ లేదు. పాతది ఇచ్చి కొత్త ఫ్రిజ్, దానితోపాటు వాషింగ్ మెషిన్ తీసుకుంటే ఇంకో రెండు వేలు తగ్గింపు, వాయిదాల మీద సోఫా. మా ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో అడ్డంగా ఉన్న అట్టపెట్టెల వంక చూసి అడిగేవాడు.

"ఎంత మిగిల్చావు?"

"ఆరు వేలు. సేల్స్ మేనేజరు చెమటలు తుడుచుకున్నాడు తెలుసా?"

"ఆ ఆరు వేలు ఏవీ? ఇలా ఇవ్వు, పాలవాడికి కడదాం."

వేళాకోళానికి అంటున్నాడనుకునేదాన్ని. ఆ వాయిదాలు తీర్చలేకే చివరికి గొలుసు తాకట్టులోకి వెళ్ళింది.

కాగితం వచ్చాక మిగిలిన దారి ఒక్కటే, చీటీ. మా వీధి చివర రిటైరైన టీచరుగారు ఇరవై మందితో రెండు లక్షల చీటీ నడుపుతారు. మనిషికి నెలకు పదివేలు. అయిదో తారీఖున వాళ్ళ వరండాలో పాట జరుగుతుంది. డబ్బు కావలసినవాళ్ళు రెండు లక్షల్లో ఎంత వదులుకుంటారో పైకి పాడతారు. ఎక్కువ వదులుకున్నవాళ్ళకు చీటీ దక్కుతుంది. వాళ్ళు వదులుకున్న సొమ్ము, ఇంకా చీటీ ఎత్తనివాళ్ళకు ఆ నెల కట్టాల్సిన దాంట్లో తలా ఇంత తగ్గుతుంది. అది ఆరో నెల. ముప్పై అయిదు వేలు వదులుకుంటే చేతికి సరిగ్గా లక్షా అరవై అయిదు వేలు. అంతకు మించి పైసా పాడనని లెక్క వేసుకునే వెళ్ళాను.

ఇరవై అయిదు వేలు దాటేసరికి పాటలో ఇద్దరమే మిగిలాం. రెండో మనిషి మా వీధుల్లో చేపలమ్మే ఆవిడ. మా ఇంట్లో చేపలు వండరు కాబట్టి ఆవిడతో బేరమాడే అవకాశం నాకెప్పుడూ రాలేదు. సముద్రంలో వేట ఆపేసిన రోజులు. పాపం చేతిలో డబ్బు ఆడక పాడుతోందనుకున్నాను.

"ముప్పై అయిదు," అన్నాను.

"ముప్పై ఆరండి," అందావిడ, కొంగుతో విసురుకుంటూ.

అక్కడ ఆగాలి. ఆగలేదు.

"ముప్పై ఎనిమిది. ఏంటండీ, పడవ కొంటున్నారా?"

"నలభయ్యండి. మీరు మేడ కడుతున్నారాండి?"

వరండాలో ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుతో నా ఒళ్ళు మండిపోయింది. టీచరుగారు కళ్ళద్దాలు తీసి, "నెమ్మదమ్మా, పోయేది మీ డబ్బే," అన్నారు. నాకు వినబడలేదు. ఈ చీటీ పోతే గొలుసు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ సమయంలో గొలుసు గుర్తే లేదు. బేరంలో ఒకరి దగ్గర ఓడిపోవడం నాకు చేతకాదు, అంతే. అరవై మూడు వేల దగ్గర ఆవిడ చేతులు జోడించేసింది.

"ఇక నా వల్ల కాదండి. మీరే తీసుకోండమ్మా."

జీవితంలో మొదటిసారి ధర పెంచి గెలిచాను. పెంచింది నా నష్టాన్నే. చేతికొచ్చింది లక్షా ముప్పై ఏడు వేలు.

గేటు దగ్గర చెప్పులేసుకుంటూ, "ఇప్పుడు మీకెలా మరి?" అని చేపలావిడను అడిగాను. గెలిచినదాన్ని కదా, జాలి పడే హక్కు ఉందనుకున్నాను.

"నాకేమండి? వేట ఉండని రెండు నెలలకీ సరిపడా ముందే తీసి పక్కన పెట్టుకుంటాం. మీ పుణ్యమా అని ఈ నెల నాలుగున్నర వేలు తగ్గాయి. చల్లగా ఉండండమ్మా."

ఆవిడకు చీటీ అక్కర్లేదు. నన్ను ఎగదోయడానికే పాడింది. మా కొట్లో కొనేవాడు వెనకాడుతుంటే, మా బాబాయి వెనక గుమ్మంలోంచి వీధిలోకి వెళ్ళి, కొత్త మనిషిలా తిరిగొచ్చి, "ఆ చీర నాకు కట్టెయ్యండి," అనేవాడు. వెనకాడినవాడు వెంటనే డబ్బు తీసేవాడు. ఆ తమాషా చూస్తూ పెరిగినదాన్ని నేను.

తక్కువ పడింది ఇరవై ఎనిమిది వేలు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, సోఫా కలిపి పాత సామాన్ల అతనికి చూపించాను. అతను ముప్పై నుంచి మొదలుపెడతాడనుకుంటే పద్దెనిమిదన్నాడు. నేను నోరు విప్పేలోపే, "ఎవరైనా అడిగితే రిపేరుకి తీసుకెళ్తున్నానని చెప్తాలెండమ్మా," అన్నాడు. ఆ మాటతో బేరమాడకుండానే పద్దెనిమిదికీ ఇచ్చేశాను. మిగతా పదివేలకు నా చెవిదిద్దులు వెళ్ళాయి.

గొలుసు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ అరచేతిలో ఆడించి చూసుకుంది.

"కాగితం వచ్చిన రోజు అబ్బాయి అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడే అనుకున్నాను," అంది.

ఆ ఆదివారం పిఠాపురం నుంచి మా ఆడపడుచు వస్తే, అత్తగారు నా ఎదుటే ఆ గొలుసు కూతురి మెడలో వేసింది. ఆడపడుచు బిత్తరపోయి, "అదేంటమ్మా? వదినకిస్తానన్నావు కదా!" అంది.

"ఇద్దామనే అనుకున్నానే. దాని దగ్గర నిలవదు." కోపంగా కూడా అనలేదు. కూర ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పింది.

రాత్రి మా ఆయన, "పోనీలే, అప్పయితే తీరింది కదా," అన్నాడు. తీరింది. చీటీ ఎత్తినవాళ్ళకు తగ్గింపు ఉండదు కాబట్టి, నెలకు పదివేల చొప్పున ఇంకా పద్నాలుగు నెలలు కట్టాలి. ఈ ఇంటి కోడలిగా నా మెడకు రావలసిన గొలుసును విడిపించినందుకు, పిఠాపురంలో అది వేసుకుని తిరుగుతున్న మనిషి తరఫున కడుతున్నాను.