దరువు మధ్య పెళ్లికూతురి శోకం

గ్లఫీరా కాళ్లు ఒకచోట నిలవవు. రష్యాలోని వోలగ్ద దగ్గర నార మిల్లులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చాక కూడా, వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూనే క్యాబేజీ సూపు తాగుతుంది. నలభై మూడేళ్లు వచ్చాయి, మొగుడు విడిచిపెట్టి పోయాడు, అయినా ఆ కాళ్లకు బుద్ధి రాలేదు. రెండేళ్ల కిందట మిల్లు ఎలక్ట్రీషియన్ రొదియోన్ పెట్టిన బ్యాండులో చేరింది. పల్లె పాటలకు కంప్యూటర్ మీద డాన్సు దరువులు కలపడం ఆ బ్యాండు పని.

ఆ శనివారం మాత్రం ఆమె తిరుగుడుకు కారణం ఉంది. సాయంత్రం కచేరీలో పాడాల్సింది పెళ్లికూతురి శోకం. వాళ్ల ఊళ్లో పెళ్లికి ముందు రోజు పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, ఆడవాళ్లంతా చుట్టూ చేరి పెట్టే శోకమది. పెళ్లి లేనప్పుడు దాన్ని నోటికి రానివ్వరు. గ్లఫీరాను గ్లాషా అని ముద్దుగా పిలుస్తూ పెంచిన పెద్దమ్మ ఉస్తీన్యా ఆమెకు నేర్పింది. ఆ పెద్దమ్మకు చెప్పకుండానే గ్లఫీరా దాన్ని బ్యాండుకు ఇచ్చేసింది. తెలిస్తే ముసలామె గడప తొక్కనివ్వదు. గ్లఫీరాకు తనదని చెప్పుకోవడానికి ఆ గడప ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం క్లబ్బు హాల్లో, గ్లఫీరా ముందే రికార్డు చేసిన పాట స్పీకరు పెట్టెలోంచి మోగుతూ రిహార్సల్ జోరు మీదుండగా తలుపు తెరుచుకుంది. ఊళ్లో అంటించిన కచేరీ పోస్టరు చూసి, బస్సెక్కి వచ్చేసింది పెద్దమ్మ. పాట అయ్యేదాకా కదలకుండా నిలబడింది.

"ఆ పెట్టెలోంచి వచ్చింది నీ గొంతేనా, గ్లాషా?"

"నాదే పెద్దమ్మా."

"మరి ఊపిరేదే? బతికున్న మనిషి మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోదూ?"

రొదియోన్ చొరవగా ముందుకొచ్చాడు. "నేనే కోసేశాను మామ్మగారూ. ఆ వెక్కిళ్లు దరువుకి అడ్డమొస్తున్నాయి."

"నీ తలకాయ! ఏడ్చి ఏడ్చి పిల్లకి ఊపిరాడనప్పుడే కదయ్యా పక్కనున్న ఆడది పాట అందుకునేది? నువ్వది కోసేస్తే పిల్ల ఒంటరిదైపోదూ?"

"అయితే నువ్వే అందుకో పెద్దమ్మా," అంది గ్లఫీరా.

"ఈ గంతులకా? చచ్చినా పాడను. పెళ్లేదీ, పిల్లేదీ? ఏడింటి బస్సుదాకా కూర్చుంటా, అంతే. ఇకమీదట మా ఇంటి వైపు రాకు."

కచేరీకి ముందు గ్లఫీరా తెర వెనక పది సార్లు తిరిగింది. చివరికి రొదియోన్ చెయ్యి పట్టుకుని, "పెట్టెలో నా గొంతు తీసెయ్. దరువొక్కటే ఉంచు, నేనే పాడతా," అంది.

పాట మొదలవగానే హాలంతా గంతులేసింది. ముందు వరుసలో ఉస్తీన్యా సంచీ ఒళ్లో పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది. గ్లఫీరా పాడుతూ పాడుతూ నిజంగానే ఏడ్చేసింది. వెక్కిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. దరువు మాత్రం సాగుతోంది. నాలుగు దెబ్బలు పోయాయి, ఎనిమిది పోయాయి. గంతులేసేవాళ్లు ఆగి ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. వెనక నుంచి రొదియోన్ పాడమని చేతులూపుతున్నాడు.

ఉస్తీన్యా లేచింది. వెళ్లిపోవడానికే లేచింది, సంచీ కూడా భుజాన వేసుకుంది. తలుపు వైపు రెండడుగులు వేసి ఆగింది. ఏడుస్తున్న పిల్లను పాట మధ్యలో వదిలేసి వెళ్లడం ఎనభై ఏళ్లలో ఆమె ఏనాడూ చేయలేదు. వెనక్కి తిరిగింది. ముఖంలో కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

"సిగ్గులేనిదానా!" అని పైకే తిట్టి, ఆ తిట్టు వెంటనే పాట అందుకుంది.