డబ్బా మీద మాట

గుంటూరులో పురుగుమందుల డబ్బాలకు తెలుగు లేబుళ్లు రాసే మాస్టారి దగ్గర నేను టైపిస్టుని. ఏ మాట రాసినా ఆయన కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, "పత్తిచేలో నిలబడి చదివేవాడికి అర్థమవుద్దా అమ్మాయ్?" అని అడిగేవారు. తక్కువ విషానికి 'జాగ్రత్త', ఎక్కువదానికి 'ప్రమాదం', అన్నిటినీ మించినదానికి 'ప్రాణాంతకం' అని తేల్చటానికి ఆయనకు నెల పట్టింది.

ఆ ఏడు పచ్చపురుగు ఏ మందుకీ చావలేదు. మేం సత్తెనపల్లిలో మందుల కొట్టుకి వెళ్లినప్పుడు ఒక రైతు డబ్బాలన్నీ తిప్పి తిప్పి చదివి, "ఈ ప్రాణాంతకం ఇవ్వండి. జాగ్రత్తలూ ప్రమాదాలూ కొట్టి కొట్టి విసిగిపోయా" అన్నాడు. మాస్టారు గాభరాగా అడ్డుపడి, ఆ మాటలు రాసింది తానేనని చెప్పారు.

రైతు చేతులు జోడించాడు. "ఏది గట్టి మందో బాగా అర్థమయ్యేట్టు రాశారండి."

మాస్టారు నన్ను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.