క్రౌస్ సారు చేతికి తాళంచెవి

వస్తువులు పోగొట్టుకోవడంలో వెండెల్ క్రౌస్ సారుకు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం మీద సాటి లేదు. కళ్ళద్దాలు, తాళాలగుత్తి, కాఫీ కప్పు, ఒకసారి ఎడంకాలి బూటు. బడి గుమస్తా మార్జీ పదకొండేళ్ళుగా ఈ హెడ్మాస్టరుతో వేగుతోంది.

"మార్జీ, తాళాలు కనబడటం లేదు."

"ఇందాక మీ చేతిలోనే ఉన్నాయి కదండీ!"

"ఇందాకటి సంగతి ఇప్పుడెందుకు? ఇద్దరు పిల్లల్ని పిలిపించు, వెతుకుతారు."

ఆ మార్చిలో బడి బోర్డు ఒక తీర్మానం తెచ్చింది. టీచర్లకు తుపాకులివ్వాలి, అవి ఆఫీసు ఇనప్పెట్టెలో ఉండాలి, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గరే ఉండాలి. ఎవడైనా తుపాకితో బళ్ళోకి చొరబడితే పోలీసులు రావాలంటే నలభై మైళ్ళు, కాబట్టి జనం భయం ఉత్తదేమీ కాదు. పక్క ఊళ్ళ హెడ్మాస్టర్లలో సగం మంది సరేనన్నారు.

"తలుపులకు గట్టి తాళాలు వేయించండి. పిల్లల గోడు వినడానికి ఒక మనిషినివ్వండి. తుపాకి మాత్రం నా బళ్ళో వద్దు," అన్నాడు క్రౌస్ సారు.

"ఐదుగురిలో ముగ్గురం ఒప్పుకున్నాం. ఇంక నీ గోలేంటయ్యా?" అన్నాడు బోర్డు అధ్యక్షుడు డేల్ స్టోవర్. ఆయనది దాణా కొట్టు.

తీర్మానం మీద ఓటేసే సమావేశం రోజు మధ్యాహ్నం స్టాంపు కోసం సారు సొరుగు లాగిన మార్జీకి ఒక కాగితం దొరికింది. "సోమవారం: కళ్ళద్దాలు, అట్లాసు వెనక. కొత్తమ్మాయి జోలీన్, తోడు రెట్టా. మంగళవారం: తాళాలు, బంతుల బుట్టలో. ఒంటరిగా తింటున్న కోల్, తోడు ట్రావిస్."

దాచేదీ ఆయనే, వెతికించేదీ ఆయనే! "ఓరి దొంగ ముసలాడా," అనుకుంటూ మార్జీ భోజనాల గదిలోకి తొంగి చూసింది. జోలీన్, రెట్టా ఒకే పళ్ళెంలో బంగాళదుంప వేపుడు తింటూ పడీపడీ నవ్వుతున్నారు. మార్జీకి కడుపు నిండిపోయింది.

సాయంత్రం బోర్డు ముందు డేల్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మార్జీ. వెండెల్ మతిమరుపు నిజమేనా, తుపాకులు తప్పించుకోడానికి నాటకమా? తాళంచెవి ఆయన చేతికి ఇవ్వొచ్చా?"

క్రౌస్ సారు ముఖం పాలిపోయింది. మార్జీ పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడి ఎరగదు.

"నిన్న ఒక్కరోజే మూడుసార్లు వెతికించారండీ. ఆ చెవి వారం తిరక్కుండా ఏ పిల్లాడి సంచిలోనో తేలుతుంది," అంది తొణక్కుండా.

మనవలిద్దరూ అదే బళ్ళో చదువుతున్న డేల్ ఓటుకు ఎత్తబోయిన చెయ్యి దించేసుకున్నాడు. మూడు ఓట్లు రెండై, తీర్మానం వీగిపోయింది. తలుపులకు కొత్త తాళాలు మాత్రం మంజూరయ్యాయి.

బయట కారు దగ్గర క్రౌస్ సారు ఆమెను ఆపాడు. "సొరుగులో కాగితం చూశావన్నమాట. నా కోసం అబద్ధమాడావు మార్జీ."

"ఆదివారం దేవుడితో నేను మాట్లాడుకుంటాలెండి. రేపు మాత్రం మీ టోపీ పోవాలి. ఐదో తరగతి పిల్లొకతి బస్సులో ఒక్కతే కూర్చుంటోంది."